పరిగె ఏరేవాళ్ల పక్కన కూర్చుని చదవండి

జుక్కల్ నుంచి మద్నూర్ దాకా వానకాలం పంట చేతికొచ్చే రోజుల్లో సోయా చేలు చూడండి. కోత మిషన్ చేను చుట్టి వెళ్లిపోయాక వెనకాల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నడుం వంచి నడుస్తుంటారు. మిషన్‌కు అందని కాయలు, గట్టు మూలన మిగిలిన మొక్కలు ఏరి కొంగులో వేసుకుంటారు. మన పెద్దలు దీన్ని పరిగె అన్నారు. తెలుగు బైబిలులో రూతు చేసిన పనికి కూడా ఇదే మాట వాడారు. పుస్తకంలో ఉన్న మాటా, చేనులో ఉన్న మాటా ఒకటే అయిన చోట మనం చదవడం మొదలుపెడదాం.

రూతు కథ మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. అత్తను విడవని కోడలు, ఆమె మంచితనానికి దేవుడిచ్చిన బహుమానం, చివర్లో పెళ్లి. పెళ్లి కూడికల్లో ఈ కథ చెప్పని అయ్యగారు ఉండరు. అందులో తప్పేమీ లేదు. కానీ రూతు గ్రంథం రెండో అధ్యాయాన్ని కూలికి పోయే మనిషి పక్కన కూర్చుని చదివితే, ఇంతకాలం కంటికి ఆనని సంగతులు బయటికొస్తాయి.

చేను ఆసామి బోయజు చేనికి రాగానే కొత్త మనిషిని చూసి పనివాళ్ల మీది పెద్దను ఒక ప్రశ్న అడుగుతాడు. ఈ పిల్ల ఎవరిది అని. పేరేమిటని అడగలేదు, ఎవరి తాలూకు అని అడిగాడు. కూలికి పోయే ఆడమనిషిని మన ఊళ్లలో ఇవాళ్టికీ ముందు అడిగేది ఆ మాటే. ఎవరి బిడ్డవు, ఎవరి పెండ్లానివి, ఏ వాడ? జవాబు కూడా అలాగే వచ్చింది. మోయాబు నుంచి వచ్చిన పిల్ల అన్నారు. ఆ చిన్న పుస్తకంలో రూతు పేరు పక్కన మోయాబీయురాలు అనే మాట పదే పదే వస్తుంది. ఎంత పని చేసినా ఊరు ఆమెకు తగిలించిన పేరు ఊడదు. మోయాబీయులు పదో తరం దాకా కూడా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23లో ఉంది. ఆ కట్టుబాటు ఉన్న దేశంలోనే మోయాబు స్త్రీ దావీదు తాతకు తల్లి అయింది. బైబిలులోనే ఒక మాట ఇంకో మాటతో పెనుగులాడుతోంది, గమనించండి. ఆ పెనుగులాటను దాచి కథ చెప్పేవాళ్లు సగం కథే చెబుతున్నారు.

తరవాత బోయజు ఏం చేశాడు? నా పనివాళ్లు నిన్ను ముట్టకుండా చెప్పాను అన్నాడు. అంటే చేనులో ఒంటరి ఆడదాని మీద చెయ్యి వేయడం అప్పుడూ జరిగేదన్నమాట. అత్త నయోమి కూడా ఇంటికొచ్చిన కోడలికి అదే జాగ్రత్త చెప్పింది, ఇంకో చేనికి పోవద్దంది. ఇక నీళ్ల సంగతి. దాహమైతే పనివాళ్లు చేదిన కుండల్లోంచే తాగమన్నాడు. తిండి వేళ పిలిచి కోసేవాళ్ల పక్కనే కూర్చోబెట్టి పెట్టాడు. పరదేశి, విధవ, బీదరాలు ఊరివాళ్ల కుండ నీళ్లు తాగింది, ఊరివాళ్ల బంతిలో తిన్నది. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన తెలుగు పాఠకుడు ఈ రెండు వాక్యాల దగ్గర ఆగకుండా ముందుకు పోకూడదు. నా మట్టుకు రూతు కథలో పెళ్లికన్నా పెద్ద సంఘటన ఆ నీళ్ల కుండే.

ఇంకొకటి ఉంది. పరిగె బోయజు పెట్టిన భిక్ష కాదు. చేను అంచుల దాకా పూర్తిగా కోయకూడదని, రాలినది ఏరుకోకూడదని, అది బీదలకూ పరదేశులకూ వదలాలని లేవీయకాండము 19 చెబుతుంది. మరచిపోయిన పనను మళ్లీ తెచ్చుకోవడానికి వెనక్కి పోవద్దని, దాన్ని పరదేశికి, తండ్రి లేని పిల్లలకు, విధవరాలికి ఉండనివ్వమని ద్వితీయోపదేశకాండము 24 చెబుతుంది. కాబట్టి రూతు అడుక్కోలేదు, తనకు చట్టం ఇచ్చింది తీసుకుంది. బోయజు మంచితనమంతా ఆ చట్టం పైన వేసిన కొసరు. కొసరును పొగిడి అసలును మరిచిపోవడం మన ప్రసంగాల్లో ఎక్కువ. రేషన్ బియ్యానికీ పింఛనుకూ దండం పెట్టి నిలబడే మన అవ్వకు ఈ తేడా తెలియాలి. తెలిసిన రోజు ఆమె ఆఫీసులో నిలబడే తీరే మారుతుంది.

ఈ అధ్యాయంలో నేను మీకు ఇవ్వాలనుకున్న పద్ధతి ఇంతే. కథలో అందరికన్నా కింద ఉన్న మనిషి ఎవరో వెతికి, ఆ మనిషి నిలబడ్డ చోటు నుంచి కథ మళ్లీ చదవాలి. పని ఎవరు చేశారు, తిన్నది ఎవరు, భూమి ఎవరిది, నోరు విప్పింది ఎవరు, పేరు లేనిది ఎవరికి అని అడగాలి. ఆ తరవాతే మన ఊరి వైపు చూడాలి.

ఇది ఎవరో కొత్తగా కనిపెట్టిన చదువు అనుకోకండి. తెలుగు నేల మీద దీనికి నూట యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. పై కులాల పెద్దలు తమ పిల్లల్ని ఆయన బడికి పంపారు. అదే కాలంలో తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద విశ్వాసంలోకి వచ్చాడు, ఆయన వెంట ఆయన వాళ్లూ వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని పెద్దలు తేల్చి చెప్పారు. బడి కావాలా, మాదిగలు కావాలా? క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచారట. ఇద్దరి కళ్లూ ఒకే చోట పడ్డాయి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం నీచమని ఎంచినవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోట. క్లౌ తానే చెప్పుకున్న సంగతి ఇది. బడి ఖాళీ అయినా సరే అని ఆయన మాదిగల పక్షాన నిలిచాడు.

అయితే నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తరవాత పదేళ్లకు జరిగింది. 1876 నుంచి 78 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు. క్లౌకు సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి పని ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు, తిండి కోసం మతం అనే మాట రాకూడదని ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చర్చి చరిత్రలు ఆ అంకెనే గొప్పగా చెబుతాయి. ఆ అంకెకు ముందు కూలి డబ్బులు, గంజి, కాలువ మట్టి ఉన్నాయి. మా ప్రాంతం వాళ్లకు ఇలాంటిదే మెదక్ చర్చి. ఛార్లెస్ పోస్నెట్ కాలంలో కరువు జనానికి పని, తిండి దొరికేలా కట్టిన ఆ ఆలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. మనలో చాలామంది అక్కడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ రాళ్లు మోసినవాళ్ల గురించి పిల్లలకు చెప్పండి.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల నోట విన్న కథలతో 1899లో ఒక పుస్తకం రాసింది. పేరు తెలుగులో చెప్పాలంటే ‘చెప్పులు కుడుతూ’ అనాలి. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్. న్యూయార్క్ మురికివాడల పక్కన పాస్టరుగా ఉండి, 1907లో క్రైస్తవం, సామాజిక సంక్షోభం గురించి రాసిన పుస్తకంతో అమెరికాను కదిలించినవాడు. మార్టిన్ లూథర్ కింగ్ తన ఆలోచనపై ఆయన ముద్ర ఉందని రాశాడు. సామాజిక న్యాయ దృష్టితో బైబిలు చదవడాన్ని ప్రపంచానికి నేర్పిన ఇంట్లో అక్క మాదిగపల్లెల్లో తిరిగి కథలు విన్న మనిషి. ఈ చదువు పరాయిదని ఎవరైనా మీతో అంటే ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు భూమి గురించి. రాజులు మొదటి గ్రంథం 21లో నాబోతు కథ ఉంది. అహాబు రాజుకు తన నగరు పక్కనున్న ద్రాక్షతోట కూరగాయలకు కావలసి వచ్చింది. పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు నాబోతు. దురాశ పడరాదని దీన్ని పిల్లలకు నేర్పిస్తాం. కింద నిలబడి చదివితే హత్య ఎలా జరిగిందో కనిపిస్తుంది. కత్తితో జరగలేదు. రాణి యెజెబెలు రాజు పేరుతో ఉత్తరాలు రాయించి రాజముద్ర వేసింది. ఊరి పెద్దలకు పంపింది. వాళ్లు ఒక సభ పెట్టారు, ఇద్దరు అబద్ధ సాక్షుల్ని నిలబెట్టారు. అంతా కాగితం మీద సక్రమంగానే ఉంది. పటేల్ పట్వారీల కాలం నుంచి పోర్టళ్ల కాలం దాకా భూమి పోగొట్టుకున్న బీద రైతుకు ఈ కథలో తెలియని ముక్క లేదు. ఊరి పెద్దల్లో ఒక్కడు కాదన్నా నాబోతు బతికేవాడు. కూడికలో అడగవలసిన ప్రశ్న అదే. మన ఊళ్లో ఆ ఉత్తరం వస్తే, సంతకం పెట్టమని మనల్ని అడిగితే?

దీనికి జోడుగా యిర్మీయా 32 చదవండి. బబులోను సేన యెరూషలేమును ముట్టడించి ఉండగా ప్రవక్త అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షులతో రాయించుకున్నాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి, రెండూ మట్టికుండలో పెట్టించాడు, చాలా కాలం నిలవాలని. ప్రవక్తే తన కాగితాల పట్ల అంత జాగ్రత్త పడ్డాడు. ప్రభుత్వం బీదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనడం, అమ్మడం చెల్లదని 1977 నాటి చట్టం చెబుతుంది. మీ ఇంట్లో అసైన్‌మెంట్ పట్టా ఉంటే, ఈ అధ్యాయం చదివిన వారంలోనే దాన్ని బయటికి తీయండి. సర్వే నంబరు, పేరు, విస్తీర్ణం పాసుబుక్కుతో సరిచూడండి. ఒక నకలు తీయించి వేరే ఇంట్లో దాచండి. రాతలో తేడా ఉంటే తహసీల్దారుకు అర్జీ పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి. చదువు రానివాళ్ల కాగితాలు చదివి పెట్టడం మన యువజనుల కూటమికి తగిన పరిచర్య. పాటల పోటీకి పట్టే సమయం చాలు దీనికి.

అప్పులు, పిల్లల్ని జీతం ఉంచడం గురించి నెహెమ్యా 5 ఉంది. వెట్టిచాకిరిని రద్దు చేసిన 1976 చట్టం పక్కన పెట్టుకుని మీరే చదవండి. తూకంలో తరుగు తీసేవాళ్ల గురించి ఆమోసు 8 ఉంది. పత్తి, సోయా అమ్మినవాళ్లకు దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

కొంచెం కష్టమైన కథ దగ్గరికి వద్దాం. న్యాయాధిపతులు 11లో యెఫ్తా. యుద్ధంలో గెలిస్తే, తన ఇంటి గుమ్మం దాటి ఎదురొచ్చే దాన్ని దేవునికి అర్పిస్తానని మొక్కుకున్నాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. ఆమె పేరు బైబిలులో లేదు. తండ్రి మొక్కు, కూతురి బతుకు. ఈ కథను మాట నిలబెట్టుకోవడానికి ఉదాహరణగా చెప్పేవాళ్లున్నారు. దయచేసి అలా చెప్పకండి. మన జుక్కల్ 2016 దాకా నిజామాబాద్ జిల్లాలో భాగం. ఆ జిల్లా పల్లెల్లో దళితుల ఆడపిల్లల్ని మొక్కు పేరుతో దేవతకు వదిలి, జోగిని చేసి, ఊరి మగవాళ్లకు అప్పగించిన చరిత్ర ఉంది. ఆ చెల్లెళ్ల మధ్య వర్ని దగ్గర ఏళ్ల తరబడి పని చేసింది హేమలతా లవణం. మహాకవి గుర్రం జాషువా కూతురు ఆమె. ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవి బిడ్డ నాస్తికుల ఇంటి కోడలై, చర్చి చేయవలసిన పని చేసి చూపింది. 1988లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఇశ్రాయేలు ఆడపిల్లలు ఏటా నాలుగు రోజులు యెఫ్తా కూతుర్ని తలుచుకునేవారని ఆ అధ్యాయం చివర ఉంది. మన క్యాలెండర్లలో ఆమెకు ఒక్క రోజైనా లేదు.

యెఫ్తా గురించి ఇంకో మాట చెప్పాలి. అతనూ తోసివేయబడినవాడే. వేశ్య కొడుకువని అన్నదమ్ములు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. బాధ తెలిసినవాడు తన కింద ఉన్న బిడ్డ మీదికి ఆ బాధను దించాడు. తరవాతి అధ్యాయంలో అతని మనుషులే నది రేవు దగ్గర కాపు కాసి, షిబ్బోలెతు అనే మాట సరిగ్గా పలకలేనివాళ్లను చంపారు. యాస చూసి ప్రాణం తీశారు. ఇటు దెగ్లూరు, అటు ఔరాద్, మధ్యలో మూడు భాషలు కలిపి మాట్లాడే మన మనుషులు పట్నం పోయి నోరు విప్పితే ఎదురయ్యే నవ్వులు మీకు తెలిసే ఉంటాయి. చదివేటప్పుడు మనం ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ల వైపే ఉంటామని అనుకోకూడదు. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరు వేరు గుడులు ఎందుకున్నాయి? పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ప్రభువు పేరు ముందు అడుగుతున్నామా, కులం పేరు ముందు అడుగుతున్నామా? మొదటి కొరింథీయులు 11లో పౌలుకు కోపం వచ్చింది ఇందుకే. ప్రభువు బల్ల దగ్గర ఒకరు కడుపు నిండా తిని ఉంటే, ఇంకొకరు ఆకలితో నిలబడ్డారు. ఆ వచనాలు చదివి బల్లలో చేయి వేసే మనం, స్మశానంలో స్థలం అడిగిన సంచార కులం కుటుంబానికి ఏం జవాబిచ్చామో గుర్తు చేసుకోవాలి.

ఎస్తేరు కథ చదవకుండా ఈ అధ్యాయం ముగించలేను. తన జనం ఎవరో, వంశం ఎవరో చెప్పవద్దని ఆమెను పెంచిన మొర్దెకై ఆమెకు చెప్పాడు, ఆమె చెప్పలేదు. పిరికితనం అని తీర్పు తీర్చేముందు జుక్కల్‌ను తలుచుకోండి. ఈ శాసనసభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు కేటాయించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. చర్చిలో పేరు రాయించుకున్న దళితుడు ఈ ప్రాంతంలో బీసీ సీ కిందికి వస్తాడు. తన తండ్రి తాతలకు జరిగిన అవమానమే తనకూ జరుగుతున్నా, ఈ సీటుకు నిలబడలేడు. అందుకే కాగితం మీద ఒక మాట, ఆదివారం ఒక మాటగా బతికే కుటుంబాలున్నాయి. వాళ్లను వేదిక మీది నుంచి నిందించే బోధకులు ఎస్తేరు రెండో అధ్యాయం మళ్లీ చదవాలి. ఆ తరవాత నాలుగో అధ్యాయం కూడా చదవాలి. అక్కడ అదే మొర్దెకై ఇప్పుడు మాట్లాడమంటాడు. దాచమన్నదీ తప్పు కాదు, మాట్లాడమన్నదీ తప్పు కాదు. మాట్లాడే భారం మాత్రం ఒక్క ఎస్తేరు మీద వేయలేదు. పట్టణంలో ఉన్న ఆమె జనమంతా ఆమెతో కలిసి ఉపవాసం ఉన్నారు. ఆ ఉత్తర్వు మారాలని కోరే పని సంఘం మొత్తం చేయాలి. ఒక్కొక్క కుటుంబాన్ని ఒంటరిగా బలి ఇవ్వకూడదు.

ఒక జాగ్రత్త. ఇలా చదవడం అంటే పక్క మతంవాళ్లను కథలోని దుష్టుల స్థానంలో పెట్టడం కాదు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెట్టినప్పుడు పెద్ద విరాళం ఇచ్చింది నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత నర్సాగౌడ్. గాయపడినవాణ్ణి ఎత్తుకున్నది సమరయుడని చెప్పిన ప్రభువును నమ్మినవాళ్లం మనం.

ఇక కూడికలో దీన్ని ఎలా పెట్టుకోవాలి? పది మంది చాలు. ఒక కథ, ఒక అధ్యాయం తీసుకోండి. రెండుసార్లు పైకి చదవండి. మొదటిసారి చదివాక ఎవరూ అర్థం చెప్పకూడదు, కథలో ఎవరు ఏం చేశారో మాత్రమే తిరిగి చెప్పాలి. రెండోసారి చదివాక అందరికన్నా కింద ఉన్న మనిషి గురించి మాట్లాడాలి. పాస్టరు చివర మాట్లాడాలి, ఇది కష్టమైన నియమం, కానీ దీన్ని వదలకండి. లేచేముందు ఒక్క పని ఒప్పుకోవాలి, ఎవరు చేస్తారో, ఏ తారీఖు లోపు చేస్తారో రాసుకోవాలి. ఒక అవ్వ పింఛను అర్జీ కావచ్చు, ఒక కుటుంబం పట్టా నకలు కావచ్చు. మళ్లీ కూడినప్పుడు మొదట ఆ పని సంగతి అడిగి, తరవాతే పాట మొదలుపెట్టండి.

వచ్చే ఆదివారం రూతు రెండో అధ్యాయంతో మొదలుపెట్టండి. సోయా చేలో పరిగె ఏరిన అక్కను ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆమెకు చదవడం రాకపోతే మీరు చదవండి, మాట్లాడడం ఆమెను మొదలుపెట్టనివ్వండి.